సెల్స్ నిండుగానే ఉన్నాయి, రిమోట్ మాత్రం గాల్లో ఆగిపోతోంది: ఒక ఆర్‌సీ ట్రాన్స్‌మిటర్ కేసు

ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఏరోమోడలింగ్ టీమ్ పట్టుకొచ్చిన సెట్ ఇది, అంటే రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) విమానాన్ని నేల మీది నుంచి నడిపే రిమోట్. 2.4 గిగాహెర్ట్జ్, ఆరు ఛానెళ్లు, చిన్న ఎల్‌సీడీ, వెనక నాలుగు ఏఏ సెల్స్ పట్టే బాక్సు. ఆర్‌సీ కొత్తగా మొదలుపెట్టే వాళ్ల చేతుల్లో మన దగ్గర ఎక్కువగా కనిపించే తరహా. కంప్లెయింట్ రెండు ముక్కల్లో చెప్పారు. ఫుల్ చార్జింగ్ సెల్స్ వేసినా పది పదిహేను నిమిషాలకే లో బ్యాటరీ బీప్ మొదలవుతోంది. అప్పుడప్పుడూ బీప్ కూడా లేకుండా రిమోట్ దానంతటదే ఆఫ్ అయి ఆన్ అవుతోంది. చివరిసారి అలా అయినప్పుడు వాళ్ల ఫోమ్ ట్రైనర్ (నేర్చుకోవడానికి వాడే ఫోమ్ విమానం) హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల వైపు ఒక పత్తి చేలో పడింది. రెక్క విరిగింది, మోటారు మౌంట్ ఊడింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

నా దగ్గరికి వచ్చేలోపే వాళ్లు చాలా మార్చేశారు. సెల్స్ కొత్తవి కొన్నారు, విమానంలో ఉండే రిసీవర్ మార్చారు, మళ్లీ బైండ్ చేశారు, అంటే రిమోట్‌ని రిసీవర్‌తో జత కలిపారు. ఏదీ పని చేయలేదు. "అన్నా, ఆర్‌ఎఫ్ మాడ్యూల్ పోయిందేమో. రిపేరుకి పెట్టే డబ్బులు కొత్త సెట్ మీద పెడితే బెటరా?" అని అడిగారు. ఆర్‌ఎఫ్ మాడ్యూల్ అంటే సిగ్నల్ పంపే భాగం. సెట్ ఇంకా విప్పకముందే ఒక లెక్క వేసి చూపించాను. ఇలాంటి సెట్ లాగే కరెంటు నూరు మిల్లీ ఆంప్స్‌కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. వాళ్ల సెల్స్ మీద 2000 ఎంఏహెచ్ అని ఉంది, అంటే నూరు మిల్లీ ఆంప్స్ చొప్పున ఇరవై గంటలు. ఆ సెల్స్‌లో సగం దమ్మే ఉందనుకున్నా పూట గడవాలి. పది నిమిషాల్లో బీప్ వస్తోందంటే చార్జింగ్ అయిపోవడం కాదు, సెల్‌లో ఉన్న వోల్టేజీ బోర్డు దాకా చేరడం లేదు. ఆర్‌ఎఫ్ మాడ్యూల్ గురించి ఆలోచించడానికి ఇంకా చాలా దూరం ఉంది.

బీప్ కంటే ప్రమాదం ఆ ఆఫ్-ఆన్

విమానం పడింది బీప్ వల్ల కాదు, రీసెట్ వల్ల. ఒక్క క్షణం ఆగి మళ్లీ ఆన్ అయితే సిగ్నల్ కూడా వెంటనే వచ్చేయాలి కదా అని టీమ్ అనుకుంది. అసలు మెలిక అక్కడే ఉంది. ఈ తరహా సెట్లు ఆన్ అవగానే స్విచ్‌లన్నీ పైకి ఉన్నాయా, త్రాటిల్ (మోటారు వేగం పెంచే స్టిక్) కింద ఉందా అని ముందు చూస్తాయి. లేకపోతే స్క్రీన్ మీద వార్నింగ్ పెట్టి, అది సరిచేసేదాకా సిగ్నలే పంపవు. నేల మీద ఇది మంచి జాగ్రత్త. ఆన్ చేయగానే ప్రొపెల్లర్ తిరిగి వేళ్లు తెగకుండా కాపాడుతుంది. గాల్లో మాత్రం ఇదే మెడకు చుట్టుకుంటుంది. త్రాటిల్ సగం మీద ఉండగా సెట్ రీసెట్ అయింది, తెర మీద వార్నింగ్ వచ్చింది. ఎగరేసే కుర్రాడు విమానం వైపు చూస్తున్నాడు గానీ స్క్రీన్ వైపు కాదు. స్టిక్ ఎంత తిప్పినా విమానం వినలేదు. పైగా ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే రిసీవర్ ఏం చేయాలో ముందే చెప్పి ఉంచడం, సెట్ చేయలేదు. రిసీవర్ చివరిగా విన్న త్రాటిల్‌నే పట్టుకుని అలాగే పోయింది.

అందుకని మొదట చెప్పిన మాట రిపేరు గురించి కాదు. రిమోట్ గాల్లో రీసెట్ అయిందని అనుమానం వస్తే త్రాటిల్ స్టిక్‌ని పూర్తిగా కిందకి లాగాలి, స్విచ్‌లన్నీ పైకి తోయాలి. అప్పుడు సిగ్నల్ తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. కంగారులో చెయ్యి చేసే పని సరిగ్గా దీనికి ఉల్టా, త్రాటిల్ పైకి తోస్తుంది. ఇది నేల మీదే ప్రాక్టీస్ చేయాలి. ప్రొపెల్లర్ విప్పేసి, కావాలని సెట్ ఆఫ్ చేసి ఆన్ చేసి చూడమన్నాను. ఫెయిల్‌సేఫ్‌లో త్రాటిల్ జీరో పెట్టించడం కూడా ఆ రోజే అయింది.

లోడ్ లేకుండా చూసిన రీడింగ్

"మీటర్ పెట్టి చూశామన్నా, ఒక్కో సెల్ 1.38 ఉంది, ఫుల్" అన్నారు. నిజమే, సెల్ బయటికి తీసి చూస్తే నాకూ అంతే వచ్చింది. కానీ ఆ రీడింగ్‌కి పెద్దగా విలువ లేదు. డిజిటల్ మీటర్ సెల్ నుంచి కరెంటు దాదాపు లాగదు. చార్జర్ నుంచి అప్పుడే తీసిన నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్, అది ముసలిదైనా సరే, లోడ్ లేనప్పుడు 1.4 దగ్గర చూపిస్తుంది. లోడ్ పడ్డాక ఎంత నిలబడుతుందో చూడాలి. అదీ సెట్ లోపలే, స్ప్రింగుల మధ్యే, సెట్ ఆన్‌లో ఉండగా చూడాలి.

మొదట కరెంటు. సెల్‌కీ స్ప్రింగ్‌కీ మధ్య పలచని ప్లాస్టిక్ ముక్క, దానికి రెండు వైపులా రాగి రేకు అంటించి దూర్చి, మీటర్‌ని సిరీస్‌లో పెట్టాను. బ్యాక్‌లైట్ ఆఫ్‌లో 100 మిల్లీ ఆంప్స్, ఆన్‌లో 130. ఇక్కడ చిన్న జాగ్రత్త ఉంది. మీటర్లో 200 మిల్లీ ఆంప్స్ రేంజ్ పెడితే మీటర్ లోపలి రెసిస్టెన్సే కొంత వోల్టేజీ తినేసి, బాగున్న సెట్‌ని కూడా బీప్ కొట్టించొచ్చు. 10 ఆంప్స్ సాకెట్‌లోకి ప్రోబ్ మార్చుకుంటే అంకె కాస్త ముతకగా వస్తుంది గానీ కొలత వల్ల సెట్ ఇబ్బంది పడదు.

తర్వాత సెట్‌ని మామూలుగా మూసి, బ్యాక్‌లైట్ వెలిగించి, కాసేపు ఆన్‌లో వదిలేశాను. చార్జర్ నుంచి తీసిన తాజా వోల్టేజీ దిగిపోయి సెల్స్ తమ అసలు మట్టానికి రావాలి. అప్పుడు ఒక్కో సెల్ మీద చూస్తే 1.27, 1.26, 1.28, 1.19. కూడితే సరిగ్గా 5.00. అదే సమయంలో ఎల్‌సీడీ మీద 4.3 ఉంది. ఈ సెట్ అలారం మట్టం 4.2.

కేసు మొత్తం ఈ రెండు అంకెల మధ్యే ఉంది. బ్యాటరీ 5.0 ఇస్తోంది, బోర్డు 4.3 చూస్తోంది. 0.7 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. ఎల్‌సీడీ మీద వోల్టేజీ చూపించే సెట్ చేతిలో ఉంటే ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. సెల్స్ మీద మీటర్ అంకె, తెర మీది అంకె పక్కపక్కన పెట్టి చూడడమే. తేడా రెండు మూడు వందల మిల్లీ వోల్టులా, ఏడు వందల మిల్లీ వోల్టులా అన్నది సగం జబ్బు చెప్పేస్తుంది. బ్యాక్‌లైట్ ఆర్పితే తెర 4.4కి లేచింది, వెలిగిస్తే మళ్లీ 4.3. సెల్స్ మీద మాత్రం అంకె దాదాపు కదల్లేదు. కరెంటు పెరిగినప్పుడు నష్టం పెరుగుతోందంటే ఎక్కడో రెసిస్టెన్స్ కూర్చుందన్నమాట.

0.7 వోల్టుల వేట

ఇక్కడి నుంచి చేసింది వోల్టేజీ డ్రాప్ టెస్ట్. మీటర్ 2 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి, కరెంటు ప్రవహించే దారిలో పక్కపక్కనున్న రెండు చోట్ల ప్రోబ్స్ ఆనించాలి. బాగున్న జాయింట్ మీద కొన్ని మిల్లీ వోల్టులే వస్తాయి. పదుల్లో, వందల్లో వస్తే దొంగ దొరికినట్టే. ఇదే పనికి ఓమ్స్ రేంజ్ వాడేవాళ్లున్నారు. సెట్ ఆఫ్ చేసి, సెల్స్ తీసేసి కొలుస్తారు. సెల్స్ తీయగానే స్ప్రింగు మీద ఒత్తిడే ఉండదు, తప్పు జరిగే పరిస్థితే మాయమైపోతుంది. కరెంటు పారుతుండగా కొలవడమే సరైన దారి.

సెల్‌కీ సెల్‌కీ మధ్య ఉన్న లింకులన్నీ కలిపి 0.02. నాలుగో సెల్ నెగటివ్ అడుగుకీ, అది ఆనుకున్న స్ప్రింగుకీ మధ్య 0.24. ఆ స్ప్రింగు నుంచి దాని వెనక రేకుకి 0.16. వైరు, కనెక్టర్ కలిపి 0.01. ఆన్-ఆఫ్ స్విచ్ మీద 0.07, అదీ నిలకడగా లేదు. స్విచ్ తర్వాత రివర్స్ పొలారిటీ నుంచి కాపాడే షాట్కీ డయోడ్ మీద 0.22. మొత్తం 0.72. తెర ఒక్క దశాంశమే చూపిస్తుంది కాబట్టి 0.7కి ఇది సరిపోయింది.

వీటిలో డయోడ్ నష్టం తప్పు కాదు. సెల్స్ తిరగేసి పెట్టినప్పుడు బోర్డు కాలకుండా ఉండడానికి కట్టే సుంకం అది. దాన్ని తీసేసి వైరు వేసిన సెట్లు చూశాను, ఆ పని చేయొద్దు. మిగతావే అసలు జబ్బు. 0.13 ఆంప్స్ దగ్గర 0.24 వోల్టులు అంటే దాదాపు 1.8 ఓమ్స్. శుభ్రంగా ఉన్న సెల్-స్ప్రింగు కాంటాక్ట్ ఓమ్‌లో పదో వంతు కూడా ఉండదు.

స్ప్రింగు చరిత్ర అడిగితే బయటపడింది. సెమిస్టర్ సెలవుల్లో అల్కలైన్ సెల్స్ లోపలే ఉంచేశారు. ఒకటి కారింది. తెల్లటి పొడి కట్టిందని ఎవరో పేపర్ కటర్‌తో గీకి, బట్టతో తుడిచేశారు. పైకి మెరుస్తూ శుభ్రంగానే కనిపిస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే కథ వేరు. గీకిన చోట నికెల్ పూత లేచిపోయి కింది ఇనుము తుప్పు రంగులో ఉంది. స్ప్రింగు మొదలు రేకులోకి నొక్కి బిగించిన రివెట్ చుట్టూ, లోపలికి, పచ్చటి చిలుము. కారిన ద్రవం సన్నటి సందుల్లోకి పాకుతుంది. గీకితే పోయేది కంటికి కనిపించేదే, రివెట్ సందులోది అలాగే మిగిలిపోతుంది. రెండో నష్టం, ఆ 0.16, అక్కడిదే.

కారిన సెల్ ఏ రకమో తెలుసుకోకుండా శుభ్రం చేయకూడదు. అల్కలైన్‌లోది పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం. దానికి నిమ్మరసం గానీ వెనిగర్ గానీ ఇయర్‌బడ్‌కి కొద్దిగా అద్ది రాస్తే సన్నగా బుసబుసమని పొంగి వదులుతుంది. గోడ గడియారాల్లో, టీవీ రిమోట్లలో వేసే చవక జింక్ కార్బన్ సెల్స్‌ది ఆమ్ల గుణం. దానికి నిమ్మరసం వల్ల ఉపయోగం లేదు, నీళ్లలో కలిపిన వంటసోడా రాయాలి. రెండిట్లో ఏదైనా తర్వాత తడి బడ్‌తో ఒకసారి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి ఆరబెట్టాలి. చేతికి గ్లౌజులు ఉండాలి, క్షారం చర్మాన్ని తినేస్తుంది. ఎమరీ పేపర్ జోలికి మాత్రం పోవద్దు. ఇవాళ మెరిపిస్తుంది, వచ్చే వానాకాలానికి తుప్పు పట్టిస్తుంది.

ఈ సెట్లో పూత పోయాక తుడవడంతో పని అవ్వదు. నికెల్ పూతతో ఉన్న కొత్త స్ప్రింగు రేకు కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది. అక్కడ బ్యాటరీ బాక్సుల స్ప్రింగులు విడిగా అమ్ముతారు, సైజు తీసుకెళ్లి చూసుకోవాలి. దాని రివెట్‌ని కూడా నమ్మకుండా స్ప్రింగు మొదలు నుంచి వైరు ట్యాబ్ దాకా చిన్న రాగి వైరు సోల్డర్ చేశాను. ఈ సోల్డరింగ్ బాక్సులో పెట్టి చేస్తే ప్లాస్టిక్ కరిగి గాడి వంకరపోతుంది. రేకుని బయటికి లాగి, ఫ్లక్స్ పెట్టి, త్వరగా కానిచ్చేయాలి. మిగతా మూడు స్ప్రింగులు బాగానే ఉన్నాయి. కాస్త నీరసంగా ఉంటే ముక్కుపట్టకారుతో కొద్దిగా సాగదీశాను. రీచార్జబుల్ సెల్స్‌లో కొన్నిటి పాజిటివ్ బొడిపె అల్కలైన్ దానికంటే పొట్టిగా ఉంటుంది. స్ప్రింగు గట్టిగా నెట్టకపోతే ఆ సెల్ సరిగా ఆనదు.

మీటర్‌కి దొరకని మిల్లీ సెకన్లు

బీప్ కారణం దొరికింది. రీసెట్ మాత్రం దీనితో పూర్తిగా అర్థం కాలేదు. 4.2కి పడితే బీప్ వస్తుంది గానీ బోర్డు చావదు. లోపల ప్రాసెసర్ 3.3 వోల్టుల మీద నడుస్తుంది, రెగ్యులేటర్‌కి ఇంకా ఊపిరి ఉంది. బీప్ రాకుండానే ఆఫ్ అవ్వాలంటే వోల్టేజీ మెల్లగా దిగడం కాదు, ఒక్కసారిగా తెగిపోవాలి.

కొత్త స్ప్రింగు వేయకముందే దీన్ని పట్టుకోవాలనుకున్నాం, ఎందుకంటే వేశాక తప్పు కనిపించదు. మల్టీమీటర్ సెకనుకి రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది, అంత తక్కువ సేపు తెగితే దానికి తెలియను కూడా తెలియదు. వాళ్ల కాలేజీ ల్యాబ్‌లో డిజిటల్ ఆసిలోస్కోప్ (వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతుందో గీతగా చూపే పరికరం) ఉంది. బోర్డు ఇన్‌పుట్ కెపాసిటర్ రెండు కాళ్ల మీద ప్రోబ్ పెట్టించాను. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ బ్యాటరీ నెగటివ్ దగ్గర పెట్టకూడదు, తెగుతోంది నెగటివ్ స్ప్రింగే కాబట్టి. ట్రిగ్గర్ 3.5 వోల్టుల దగ్గర, కిందికి పడే అంచు మీద, సింగిల్ షాట్. అంటే వోల్టేజీ 3.5 కిందికి పడగానే స్కోప్ ఆ ఒక్కసారిని పట్టి తెర మీద ఆపేస్తుంది. ఇప్పుడు సెట్‌ని చేతిలో పట్టుకుని, ఎగరేసేటప్పుడు పట్టుకున్నట్టే రెండు బొటనవేళ్లతో స్టిక్స్ తిప్పమన్నాను. ఏమీ లేదు. స్క్రూడ్రైవర్ పిడితో వెనక మూత మీద మెల్లగా తట్టాను. స్కోప్ పట్టేసింది. దాదాపు మూడు మిల్లీ సెకన్ల పాటు వోల్టేజీ 2 దాకా జారి మళ్లీ లేచింది. సెట్ రీసెట్.

అంత కొద్దిసేపటికే ఎందుకు చస్తుందన్నది కాగితం మీద వేస్తే తేలిపోతుంది. ఇన్‌పుట్ కెపాసిటర్ 100 మైక్రోఫారడ్. సెట్ లాగేది 0.13 ఆంప్స్. బ్యాటరీ తెగిన క్షణం నుంచి ఆ కెపాసిటరే బోర్డుని మోయాలి. 0.13ని 100 మైక్రోఫారడ్‌తో భాగిస్తే సెకనుకి 1300 వోల్టుల వేగంతో వోల్టేజీ పడుతుంది, అంటే ఒక వోల్టు పడడానికి మిల్లీ సెకను కూడా పట్టదు. పెద్ద కెపాసిటర్ వేస్తే సరిపోతుంది కదా అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. 1000 మైక్రోఫారడ్ వేస్తే ఈ మూడు మిల్లీ సెకన్లు దాటిపోతాయి. కానీ తెగే స్ప్రింగు తెగుతూనే ఉంటుంది, రేపు ముప్పై మిల్లీ సెకన్లు తెగుతుంది. పైగా స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ కెపాసిటర్ ఒక్కసారిగా కరెంటు గుంజి స్విచ్ కాంటాక్టుల మీద నిప్పురవ్వ కొట్టిస్తుంది. వేయలేదు.

ఇదే సమయంలో ఆర్‌ఎఫ్ మాడ్యూల్ మీది అనుమానం కూడా తీర్చేశాం. బ్యాటరీ బాక్సు వైర్లు విప్పి, ల్యాబ్ పవర్ సప్లై నుంచి 5.0 వోల్టులు నేరుగా ఇచ్చాం. తెర మీద 4.7. ఎంత తట్టినా రీసెట్ లేదు, బీప్ లేదు, రిసీవర్‌తో లింక్ గట్టిగా ఉంది. అయితే స్విచ్ మీట దగ్గర వేలితో నొక్కితే 4.7 కాస్తా 4.6కి, మళ్లీ 4.7కి ఊగుతోంది. ఆ 0.07 నిలకడగా లేదని చెప్పాను కదా, దాని అర్థం ఇదే. స్లైడ్ స్విచ్‌లో ఫీల్డ్ దుమ్ము చేరి ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి యాభై అరవై సార్లు అటూ ఇటూ జరిపితే చాలా స్విచ్‌లు తేరుకుంటాయి. ఇదీ తేరుకుంది, కానీ మార్చేయించాను. గాల్లో ఎగిరే దానికి ప్రాణం ఆ ఒక్క స్విచ్ మీద ఉన్నప్పుడు పది ఇరవై రూపాయల దగ్గర పీనాసితనం ఎందుకు? కొత్తది రెండు వరసల కాంటాక్టులున్నది తీసుకుని, రెండు వరసలనీ పారలల్‌లో కలిపాను. ఒకటి తడబడినా రెండోది మోస్తుంది.

నాలుగో సెల్ సంగతి

స్ప్రింగు, స్విచ్ మారాక తెర 4.3 నుంచి 4.7కి వచ్చింది. టీమ్ సెట్ సర్దుకుని బయల్దేరబోయింది. 1.19 చూపించిన ఆ నాలుగో సెల్‌ని మర్చిపోయారు.

నాలుగూ కొత్తవే అన్నారు గానీ, చూస్తే మూడు ఒక కంపెనీవి, ఒకటి వేరే. ప్యాకెట్‌లో ఒకటి పోతే పాత కెమెరాలోంచి తెచ్చి కలిపారట. నాలుగూ ఫుల్‌గా చార్జ్ చేసి, ఒక్కోదాన్ని విడిగా 2.2 ఓమ్స్, 2 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేశాం. సుమారు అర ఆంప్ లాగుతుంది. 2000 ఎంఏహెచ్ సెల్ అయితే మూడున్నర గంటలకు పైగా రావాలి. 1.0 వోల్టుకి రాగానే ఆపేయాలి, ఇంకా పీల్చకూడదు. మూడు సెల్స్ మూడు గంటలు దాటాయి. నాలుగోది గంట దాటి కొద్దిసేపటికే చేతులెత్తేసింది. అంటే ఇచ్చింది దాదాపు 600 ఎంఏహెచ్.

సెట్లో ఇది ఎలా ప్రవర్తిస్తుందో ఊహించండి. నాలుగైదు గంటల వాడకం తర్వాత ముందు ఇదే ఖాళీ అవుతుంది. మిగతా మూడింటిలో ఇంకా సగానికి పైగా ఉంది, అవి కరెంటు నెడుతూనే ఉంటాయి. ఖాళీ సెల్‌లో నుంచి ఆ కరెంటు పోతే అది జీరోకి, అక్కడి నుంచి ఉల్టా పొలారిటీకి వెళ్తుంది. అలా రెండు మూడు సార్లయితే ఆ సెల్ ఇక పనికిరాదు, కారడం కూడా మొదలవుతుంది. తెర మీద అంకె కాసేపు మామూలుగానే ఉండి ఒక్కసారిగా జారిపోతుంది. బీప్ వచ్చాక విమానం దించడానికి మిగిలే టైం బాగా తక్కువ. అసలు నికెల్ మెటల్ హైడ్రైడ్ స్వభావమే అంత. అల్కలైన్ 1.5 నుంచి మెల్లగా దిగుతూ వస్తుంది, 4.2 అలారం కొట్టినప్పుడు ఇంకా కొంత మిగిలే ఉంటుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ 1.25 చుట్టూ చాలాసేపు నిలబడి, చివర్లో కొండచరియలా విరిగిపడుతుంది. 4.2 అలారం అల్కలైన్‌కి సరిపోయిన అంకె, వీటికి ఆలస్యం.

ఈ సెట్లో అలారం మట్టం మార్చే మెనూ లేదు. అందుకని వాళ్లకి చెప్పింది: రిపేరు తర్వాత డయోడ్, మిగతావి కలిపి నష్టం పావు వోల్టు. తెర మీద 4.6 అంటే సెల్స్ దగ్గర 4.85, ఒక్కోటి 1.21. అక్కడే దించేయాలి. బీప్ కోసం ఎదురుచూడకూడదు.

చార్జర్ కూడా మార్పించాను. వాళ్లది సెల్స్‌ని జంటలుగా చార్జ్ చేసే చవక రకం. ఒక జంటలో మంచిదీ నీరసమైనదీ పడితే ఒకటి ఎక్కువ తిని వేడెక్కుతుంది, లేదంటే రెండోది అర్ధాకలితో బయటికి వస్తుంది. గ్రీన్ లైట్ మాత్రం రెండిటికీ ఒకేసారి వెలుగుతుంది. ఒక్కో స్లాట్‌ని విడిగా చూసుకునే, ఎంఏహెచ్ అంకె చూపించే చార్జర్ ఉంటే ఈ రెసిస్టర్ పరీక్ష కూడా అక్కర్లేదు, ఏ సెల్ ఎంత తిందో అదే చెబుతుంది. సెల్స్ తక్కువ సెల్ఫ్ డిశ్చార్జ్ రకం తీసుకోమన్నాను. 2005లో సాన్యో ఎనలూప్ పేరుతో తెచ్చిన తరహావి, ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. మామూలు నికెల్ మెటల్ హైడ్రైడ్ నెలరోజులు పక్కన పడితే చెప్పుకోదగ్గ చార్జ్ దానంతటదే పోగొట్టుకుంటుంది. మే నెలలో మూసిన కార్లో పెట్టి ఉంచితే ఇంకా త్వరగా పోతుంది. సెమిస్టర్ మధ్యలో ఎప్పుడో ఒకసారి ఎగరేసే టీమ్‌కి అసలు సమస్య అదే.

లిథియం వేద్దామా అన్న చర్చ

కాలేజీ పిల్లల దగ్గర ఈ మాట రాకుండా ఉండదు. ఏఏ సైజులోనే ఉండే 14500 లిథియం సెల్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, బాక్సులో చక్కగా కూర్చుంటాయి. కూర్చోవడమే ప్రమాదం. ఒక్కోటి 3.7, ఫుల్ చార్జ్‌లో 4.2. నాలుగు వేస్తే 16.8 వోల్టులు. 6 వోల్టుల సెట్ స్విచ్ వేయగానే రెగ్యులేటర్‌తో మొదలై ఏవేవి కాలతాయో చెప్పలేం. రెండు నిజమైనవి, రెండు డమ్మీలు (కరెంటుని దాటించే ఉత్త గొట్టాలు) పెట్టినా 8.4. మాన్యువల్‌లో ఆ వోల్టేజీ రాసి ఉంటే తప్ప వద్దు. రెండు 18650 లిథియం సెల్స్‌కి, యూఎస్‌బీ చార్జింగ్‌కి తయారుచేసిన సెట్లు ఇప్పుడు వేరేగా వస్తున్నాయి, లిథియం కావాలంటే అలాంటిదే కొనుక్కోవడం మేలు.

ఎనిమిది సెల్స్ పట్టే పాత రకం సెట్ల సంగతి వేరు. వాటిలో 3ఎస్ లైపో (మూడు లిథియం పాలిమర్ సెల్స్ సిరీస్‌లో ఉన్న ప్యాక్) వేసేవాళ్లున్నారు. ఎనిమిది తాజా అల్కలైన్ సెల్స్ కూడా 12 దాటతాయి కాబట్టి ఫుల్ లైపో 12.6 పెద్ద ఎక్కువేం కాదు. కానీ అలారం 9 దగ్గర ఉంటుంది, లైపోకి అది సెల్‌కి 3.0. అంత కిందికి పోతే లైపో పాడవుతుంది. బయట విడిగా చిన్న లైపో అలారం తగిలించుకోవాలి. ఇక సీనియర్లు దానంగా ఇచ్చిన ఫుటాబా, జేఆర్ కంపెనీల పాత సెట్లుంటే చార్జింగ్ జాక్ దగ్గర జాగ్రత్త. ఫుటాబాలో జాక్ నడిమి పిన్ పాజిటివ్, జేఆర్‌లో నెగటివ్. జాక్ సైజు చూసి ఏదో ఒక అడాప్టర్ గుచ్చేస్తే బోర్డుకో బ్యాటరీకో మూడుతుంది. ఆ పాత నికెల్ కాడ్మియం ప్యాక్‌ల నెగటివ్ వైరు లోపల నల్లబడి పొడిపొడిగా అయిపోవడం కూడా మామూలే. ఇన్సులేషన్ కొంచెం ఒలిచి చూస్తే తెలుస్తుంది. నల్లగా ఉంటే సోల్డర్ అంటదు, కొత్త వైరు వేయాల్సిందే.

అప్పగించేటప్పుడు

ఒకే కంపెనీ సెల్స్ నాలుగు, కొత్త స్ప్రింగు, కొత్త స్విచ్‌తో సెట్‌ని బ్యాక్‌లైట్ వెలిగించి రెండు గంటలు ఆన్‌లో ఉంచాం. సెల్స్ మీద 5.14, తెర మీద 4.9. స్కోప్ అదే ట్రిగ్గర్ మీద కాపలా ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టాం, సెట్‌ని మోకాలి మీద కొట్టాం, మెడ పట్టీకి వేలాడదీసి ఊపాం, ట్రిగ్గర్ పడలేదు. తర్వాత ఫీల్డ్‌లో ప్రొపెల్లర్ తీసేసి రేంజ్ చెక్, ఫెయిల్‌సేఫ్ చెక్. రిమోట్ ఆఫ్ చేయగానే త్రాటిల్ జీరోకి రావడం కళ్లతో చూశాకే ప్రొపెల్లర్ బిగించనిచ్చాను.

సెల్స్‌కి మార్కర్‌తో 1, 2, 3, 4 అని నంబర్లు వేయించాను. ఏ సెల్ ఏ గాడిలోదో రాసుకుంటే, తర్వాత ఎప్పుడైనా ఒక గాడి దగ్గర రీడింగ్ తగ్గినప్పుడు సెల్స్ చోట్లు మార్చి చూడొచ్చు. తప్పు సెల్‌తో పాటు కదిలితే సెల్‌ది, గాడి దగ్గరే ఉండిపోతే స్ప్రింగుది. సెలవులకు వెళ్లేముందు సెల్స్ బయటికి తీసి, బాక్సు మూత తెరిచి పెట్టడం ఎవరి పనో వాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో పేరు పెట్టి రాసుకున్నారు. వెనక మూత లోపలి వైపు చిన్న స్టిక్కర్ మీద "తెర = సెల్స్ − 0.25. తేడా 0.35 దాటితే విప్పి చూడాలి" అని రాసి అంటించి ఇచ్చాను.